రాహేలు పెట్టిన పేరు

ఆదికాండము 35వ అధ్యాయములో రాహేలు మరణమును చదువుచున్నాము. ఎఫ్రాతా త్రోవలో ఆమెకు నొప్పులు వచ్చి కాన్పు మిక్కిలి కష్టమాయెను. భయపడవద్దు, ఇదియు మగబిడ్డయే యని మంత్రసాని ఆమెను ధైర్యపరచెను. ఆ మాట అబద్ధము కాదు, బిడ్డ బ్రదికెను. అయితే తల్లి ప్రాణము పోవుచు ఆ బిడ్డకు బెనోని, అనగా నా దుఃఖపుత్రుడు, అని పేరు పెట్టెను. తండ్రి దానిని బెన్యామీనని మార్చెను. నిలిచినది తండ్రి పెట్టిన పేరే. అయినను లేఖనము తల్లి పలుకును కొట్టివేయలేదు.

ప్రియులారా, ఒక కాన్పు క్షేమముగా జరిగెనని చెప్పవలసినది ఎవరు? మంత్రసానియా, తండ్రియా, తల్లియా?

మన పల్లెలలో గుర్రపువాతము అను మాట వినని ఇల్లు లేదు. అయిదవ నెల దాటిన గర్భిణికి రక్తపోటు పెరుగును. తలనొప్పి వచ్చును, కన్నులు మసకబారును, ముఖము చేతులు ఉబ్బును. ముదిరినయెడల ఫిట్స్ వచ్చి తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము కలుగును. దీనికి మెగ్నీషియం సల్ఫేటు మందు పనిచేయునా యని 1998 మొదలు 2001 వరకు 33 దేశములలో పదివేలమందికి పైగా గర్భిణులతో మాగ్పై అను పెద్ద పరిశోధన జరిగెను. మందు పొందనివారిలో నూటికి 1.9 మందికి ఫిట్స్ రాగా, పొందినవారిలో 0.8 మందికే వచ్చెను. ఇట్టి లెక్కలు లేనియెడల ఎందరు తల్లులు పోయియుందురో! లెక్కించువారిని మేము తక్కువచేయుట లేదు.

అయితే ఏమి లెక్కించవలెను? ఒక్కొక్క పరిశోధకుడు ఒక్కొక్కటి లెక్కించుచు వచ్చుటచేత ఒకరి ఫలితమును మరియొకరి ఫలితముతో పోల్చుటకు వీలులేకపోయెను. కావున వైద్యులును, పరిశోధకులును, ఆ వ్యాధిని అనుభవించిన స్త్రీలును కూడ కలిసి, కంప్యూటరు ద్వారా ప్రశ్నలకు జవాబులిచ్చి, 2020లో ఒక పట్టికను ప్రకటించిరి. తల్లికి 14, బిడ్డకు 8, మొత్తము 22 అంశములు. మరణము, ఫిట్స్, పక్షవాతము, చూపు పోవుట, మూత్రపిండములు చెడుట, బిడ్డ తూకము, బిడ్డ ఊపిరికి సహాయము మొదలైనవి. బాధపడిన స్త్రీలను అడుగుట మంచి కార్యమే. అయినను ఆ పట్టికలో తల్లి భయము లేదు. అద్దాల పెట్టెలోనున్న బిడ్డను ఎన్ని దినములు చూడలేదో లేదు. చేసిన అప్పు లేదు. ఇట్టి తల్లులకు ముందు సంవత్సరములలో రక్తపోటు, గుండెజబ్బు ఎక్కువగా వచ్చునని వైద్యులకు తెలియును; అదియు లేదు. అన్ని దేశములలో ఒకే తీరుగా కొలువగలిగినవే నిలిచినవి కాబోలు. మరియు కంప్యూటరు ముందు కూర్చుండగలిగినవారే జవాబిచ్చిరి. ప్రత్తి ఏరబోయిన తల్లిని ఎవరు అడిగిరి?

అడిగినచోట వేరొక జవాబు వచ్చినది. 2018, 2019 సంవత్సరములలో వైట్ రిబ్బన్ అలయన్స్ వారు 114 దేశములలో సుమారు 12 లక్షలమంది స్త్రీలను, మీ ఆరోగ్య విషయములో మీకేమి కావలెనని అడిగిరి. ఎక్కువమంది కోరినది మందు కాదు, గౌరవముతో చూడుడని.

యెరికోలో గ్రుడ్డివాడైన బర్తిమయి కేకవేసినప్పుడు అతనికేమి కావలెనో జనులందరికి తెలియును. అయినను ప్రభువు అతనినే అడిగెను (మార్కు 10). ఎరిగినవాడే అడుగగా, ఎరుగని మనము అడుగుట మానుచున్నాము.

మా తప్పునే చెప్పెదము. హసన్‌పర్తి చుట్టుపట్ల ఒక పల్లెలో గుర్రపువాతమునుండి తప్పించుకొన్న ఒక సహోదరిని దర్శించితిమి. (ఆమె సెలవు పొందియే వ్రాయుచున్నాము.) పాపను చూచి, ఎన్ని కిలోలని అడిగి, మోకాళ్లూని, వచ్చే కాన్పున కుమారుని దయచేయుమని ప్రార్థించితిమి. అందరును ఆమేన్ అనిరి. మాతో వచ్చిన బైబిలు స్త్రీ పెరటిలోనికి వెళ్లి ఆమెతో మాటలాడివచ్చెను. కరీంనగరు రోడ్డు ఎక్కిన తరువాత గాని ఆ మాట మాకు చెప్పలేదు. "అక్కా, ఇంకో కాన్పంటే నాకు పానం అదురుతది. అయ్యగారేమో కొడుకు కావాలని ప్రార్థన చేసిండు" అని ఆమె ఏడ్చినదట.

మరుసటి నెల మరల వెళ్లితిమి. ఈ సారి దేనికొరకు ప్రార్థించవలెనని ముందుగా ఆమెనే అడిగితిమి. అత్తగారు అక్కడనే కూర్చుండియుండెను. ఆమె చాలసేపు తల వంచుకొని, "బీపీ గోలీలు ఇంకెన్నాళ్లు మింగాల్నో మీరన్న డాక్టరమ్మను అడుగుండ్రి అయ్యగారూ" అని మాత్రము చెప్పెను.