అనుభవమన నేమి?

న్యాయశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొన్న మన పిల్లలు చెన్నపట్టణములోనో బెంగుళూరులోనో న్యాయవాద సంస్థలకు దరఖాస్తు పెట్టునపుడు "పూర్వానుభవము" అను గడి దగ్గర తటపటాయించుచున్నారు. పెద్ద వకీలు కార్యాలయములో నాలుగు వారములు కూర్చుండి వచ్చినవానికి ఏమి వ్రాయవలెనో సందేహము లేదు. తండ్రి అంగడిలో ఆరేండ్లు ఖాతాలు వ్రాసిన పిల్లకు మాత్రము అది చెప్పుకొనదగినదో కాదో తోచదు. సందేహము చూపునకు చిన్నదే. కాని పని యన నేమి, దానికి విలువ కట్టువారెవరు అను ప్రశ్న దీనిలో ఇమిడియున్నది.

బార్ కౌన్సిలువారి 2008 నాటి విద్యా నియమములు మూడేండ్ల కోర్సు విద్యార్థి కనీసము 12 వారములు, అయిదేండ్ల కోర్సు విద్యార్థి 20 వారములు ఇంటర్న్‌షిప్ చేయవలెనని విధించినవి. వకీళ్లవద్దనే గాక స్వచ్ఛంద సంస్థలలోను, స్థానిక స్వపరిపాలన సంస్థలలోను చేసినను చెల్లును. ఇంగ్లండులో 2021లో ప్రవేశపెట్టిన పద్ధతి ననుసరించి సొలిసిటరు కాగోరువారు రెండేండ్ల అనుభవము చూపవలెను. జీతము లేని న్యాయసహాయ కేంద్రపు సేవయు అందు లెక్కకు వచ్చును. కావున జీతము కొలబద్ద కాదు. గుమ్మముమీది పేరును కాదు.

పొరపాటు జరిగినచో జవాబు చెప్పవలసినది నీవేనా? నాకు తోచిన కొలబద్ద ఇది. ఖాతాలో అంకె తప్పినచో ఆసామితో తగవు వచ్చును. దానిని తీర్చవలసినది ఆ పిల్లయే. కావున అది పని. వకీలు గదిలో ఒక మూల కూర్చుండి వినుట చదువు, విలువగలదే. కాని దానిని "విచారణలను గమనించితిని" అని వ్రాయవలెను గాని "కేసులు నడిపితిని" అని వ్రాయరాదు.

బరంపురపు సంగతి చూడుడు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రమగువరకు ఆ సీమ మదరాసు రాజధానిలో నుండెడిది. తాతలనాటి తెలుగు దస్తావేజును ఒరియా వకీలునకు చదివి అర్థము చెప్పిన విద్యార్థిని యొకతె కలదనుకొందము. ఇంటిపని యని ఆమె సిగ్గుపడవచ్చును. నా దృష్టిలో అది సిసలైన అనుభవము. సరిహద్దులలో తూర్పును పడమరగా చదివినచో భూమియే పోవును. ఐనను "అనువాదకురాలు" అను బిరుదు తగిలించుకొన నక్కరలేదు. ఎన్ని పత్రములు, ఏ కాలమునాటివి, ఏ యవసరమునకు చదివెనో వ్రాసిన చాలును. కక్షిదారుల పేర్లు, తగవు గుట్టు మాత్రము వ్రాయరాదు. గుట్టు విప్పి అనుభవము చూపినవారికి ఏ సంస్థయు నమ్మి కాగితములు అప్పగింపదు.

ఇక పెద్దలతో ఒక మాట. వకీలైన మేనమామచేత, రాని పిల్లవాడు వచ్చినట్లు పత్రము వ్రాయించుట కొన్ని యిండ్లలో ఉపకారముగానే చెల్లుచున్నది. అల్పసంఖ్యాకులమైన మనకు మనము కాక ఎవరు అను మాట వినసొంపుగానే యుండును. కాని వకీలు మేనమామ లేక అదే స్థానమునకు అర్జీ పెట్టిన అంగడివాని బిడ్డయు మనవారే కదా! పైగా ఆ పిల్లవాడు రేపు కక్షిదారుచేత ప్రమాణపత్రముపై సంతకము చేయించునపుడు, ఇందులోనిదంతయు నిజమేనా అని ఏ ముఖముతో అడుగును?

మేనమామ చేయదగిన ఉపకారము వేరొకటి కలదు. పిల్లవానిని నిజముగా రప్పించుకొని, నాలుగు వారములు ఫైళ్లు మోయించి, చేసినదానికే సంతకము పెట్టవచ్చును. ఆ గదిలో చోటున్నచో అంగడివాని బిడ్డకును ఒక కుర్చీ వేయింపవచ్చును.