బాలురకు కోపనిగ్రహ బోధ

వేసవి సెలవులలో బాలబాలికలకు సదాచార శిక్షణమిచ్చుట తిరుపతి, చిత్తూరు ప్రాంతములకు క్రొత్త కాదు. తిరుమల తిరుపతి దేవస్థానము ‘శుభప్రదం’ అను పేర ఇట్టి తరగతులను నడపినది. మఠములును తమ పిల్లలకై ఇట్టివి తలపెట్టుట మేలే. కోపము నణచుకొనుము, కలహింపకుము అను బోధ అందు మొదట వచ్చుట సహజము.

మాట మంచిదే. కాని వినువా డెవడు? పొలముగట్టు తగవులో తండ్రి దెబ్బలు తినగా చూచినవాడు కావచ్చును. కులము పేర బడిలో నవ్వులపాలైన బాలిక కావచ్చును. శాంతింపుమన్న మాట వారి చెవికి అన్యాయమును సహింపుమన్నట్లే తోచును. ఈ సందేహమును దాటవేసిన బోధ నీటిమీది వ్రాతయే.

బసవేశ్వరుని వచనమొకదానిలో కోపనిషేధము దొంగతనము, హత్య, అసత్యముల నిషేధముల సరసనే నిలిచినది. అట్లని ఆయన అన్యాయము నెదుట మౌనము వహించెనా? కులభేదమును నిరాకరించుట వలననే గదా 12వ శతాబ్దమున కల్యాణము కల్లోలమైనది! హరళయ్య, మధువయ్యల ఇండ్ల వియ్యము, వారికి కలిగిన ఘోరశిక్ష, బిజ్జలుని హత్య సంప్రదాయమున వరుసగా వినబడును. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆ వధను భక్తుల వీరకృత్యముగానే వర్ణించెను. పిల్లలకీ ఘట్టమును దాచుట తగదు. శరణులు చెల్లాచెదరైన సంగతిని గూడ వెంటనే చెప్పవలెను. పగ తీరినది, అనుభవమంటపము మిగులలేదు.

ఇంతకన్న ఉపయుక్తమైనది శూన్యసంపాదనమందలి సిద్ధరాముని కథ. సొన్నలిగెలో ఆయన లోకహితమునకై చెరువు త్రవ్వించుచుండెను. అల్లమప్రభువు వచ్చి ఆయనను తేలికగా పేర్కొనగా పనివారు రాళ్లు రువ్విరి. సిద్ధరాముడును కోపాగ్నితో ఎదుర్కొనెను. అల్లముడు తిరిగి కోపింపలేదు, పారిపోలేదు, క్షమాపణము కోరుమని శాసింపనూ లేదు. ఆ మంట చల్లారిన పిదప మాట సాగినది. తుదకు సిద్ధరాముడు కల్యాణమునకు వెడలెను. పుణ్యకార్యము చేయువాని కోపమే గుర్తించుటకు మిక్కిలి కష్టమైనది. అది ధర్మమువలె కనబడును. ఉపాధ్యాయులకు, మఠాధిపతులకు సైతము ఇది వర్తించును.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆదర్శముతో కోపమును అణచుటను అంగీకరింపలేదు. దానిని ఉన్నదున్నట్లు చూడుమనెను. మతసంస్థలను ఆయన తిరస్కరించినను, ఈ ఒక్క విషయమున శివయోగమునకు దూరముగా లేడు. ఎడమ అరచేత ఇష్టలింగము నుంచి దృష్టి నిలుపువాడు చేయునదియు చూచుటయే. ఆ అరచేయి పిడికిలి కాజాలదు.

కావున మఠమున తరగతి నడపువారు సూక్తులను తగ్గించి, తగవులాడిన ఇద్దరిని ఎదురెదురుగా కూర్చుండబెట్టవలెను. ఒకడు చెప్పినదానిని రెండవవాడు, తన వాదమునకు ముందు, తన నోట మరల చెప్పవలెను. గురువు చివర మాటాడవలెను. పిల్లవాని ఫిర్యాదు నిజమని తేలినచో పెద్దలు లేచి ఆ పొలముగట్టు వద్దకు పోవలెను, గట్టు జరిపినవాడు మఠమునకు పెద్ద దాతయే అయినను.