చిన్న బండి ఎవరి కొరకు?

నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్న బండిలో ఉదయము వెళ్లి సాయంకాలము తిరిగివచ్చిన దినము మాలో అనేకులకు జ్ఞాపకమున్నది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ రెండున్నర అడుగుల పట్టాల దారి 1931 నాటికి గుణుపురం చేరినది. టెక్కలి, పాతపట్నం దాటుచుండగా వరిచేలు, దూరముగా తూర్పు కనుమలు, పొలములోని మనిషిని పలకరించునంత నెమ్మది! 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినను బండి సరిహద్దును లెక్కచేయలేదు.

2004లో దానిని ఆపి, పెద్ద పట్టాలు వేసి, 2011లో గుణుపురం వరకు మరల నడిపిరి. అందము పోయెనని దూరప్రాంతములలో స్థిరపడిన మనము నిట్టూర్చుచున్నాము. ఇది న్యాయమేనా? మనము ఎప్పుడో ఒకమారు కిటికీ ప్రక్కన కూర్చుండినవారము. ఆసుపత్రికి పోవు రోగికి, సంతకు పోవు రైతుకు ఆ నెమ్మది అందము కాదు, ఆలస్యము. విశాఖపట్నం పోవలెనన్న నౌపడలో సామాను దించి వేరే బండి ఎక్కవలసినదే. బ్రతుకుతెరువుకై ఊరు విడిచిన మనము, ఆ ఊరు మాత్రము మన జ్ఞాపకము కొరకు మారకుండవలెనని కోరుట ఎట్లు? దుఃఖపడుటలో తప్పు లేదని మా తలంపు. అక్కడివారిని నిందించుటకు మాత్రము మనకు హక్కు లేదు.

కొండలు అక్కడనే ఉన్నవి. సెలవులకు ఆ దారిని వెళ్లువారు పిల్లలను కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టుడి.