అభయము, ఆపై స్థిరవాసము

శ్రీమద్రామాయణమున విభీషణ శరణాగతి వైష్ణవులకు ప్రాణప్రదమైన ఘట్టము. అన్నచే తిరస్కృతుడై, ఇల్లూ వాకిలీ విడిచి, నలుగురు సహచరులతో వచ్చి శరణు వేడిన విభీషణుని సుగ్రీవుడు శంకించెను. శత్రుపక్షమువాడు, చేరనీయరాదనెను. శ్రీరామచంద్రుడు అభయమొసగెను. అంతటితో ఆగెనా? లక్ష్మణునిచే సముద్రజలము తెప్పించి, ఆ తీరముననే అతనిని లంకకు ప్రభువుగా అభిషేకింపజేసెను. అభయము మొదటి మెట్టు. స్థిరమైన స్థానము రెండవది. రెండును కూడినప్పుడే శరణాగతరక్షణము పూర్ణమగును.

ఈ ధర్మమును భాగ్యనగరమున మాదాపూరు ప్రాంతమునకు అన్వయించి చూడుడు. 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు అచ్చట మేడలు మిన్నంటినవి. వానికి ఇసుకా ఇటుకా మోసినవారిలో పాలమూరు మొదలగు సీమలనుండి వచ్చిన కూలీలెందరో. మేడ పూర్తికాగానే వారి గుడిసె తొలగును. పనియు ఆరోగ్యమును చెడినవానికి కాలిబాటయే పడక.

నగరములందు లక్ష జనాభాకొక ఆశ్రయగృహము, ఏడాది పొడవునా రేయింబవళ్ళు తెరచియుండవలెనని 2010లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది. నగరపాలక సంస్థ పక్షమున స్వచ్ఛందసంస్థలు ఇట్టివానిని నడుపుచున్నవి. పడక చూపుట వాని తొలి పని మాత్రమే. చిరునామా లేనివానికి గుర్తింపు కార్డు లేదు. అది లేనిదే బ్యాంకు ఖాతా, రేషను, పింఛను దుర్లభములు. గుర్తింపు పొందిన ఆశ్రయగృహపు అధికారి ఇచ్చు ధ్రువపత్రము ఆధారు కార్డుకు చెల్లును. ముడి అచ్చట విడివడును.

ఈ పత్రముల విలువ స్వల్పము కాదు. 2023 జూన్‌లో కొల్లూరున 15,660 రెండు పడకగదుల ఇండ్లు ప్రారంభమైనవి. ఆ పథకమున రేషను కార్డు లేనివానికి అర్హతయే లేదు. 2024 మార్చి 11న సాక్షాత్తు భద్రాచలముననే ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము తొలుత స్వంత స్థలము గలవారికి 5 లక్షల రూపాయల సాయమును ఉద్దేశించినది. జానెడు నేలయైన లేనివాని మాటేమి? కూలి డబ్బులు కూడబెట్టి అద్దెకు ఒక గది చూచుకొనుటయే అతనికి దారి.

అప్పుడతడు మన వాకిటనే నిలుచును. "నీవెవరివాడవు? హామీ ఎవరు?" అని మనమడుగుదుము. అది సుగ్రీవుని ప్రశ్న, తప్పు కాదు. రాముడును సుగ్రీవుని మాట పూర్తిగా విన్న పిమ్మటనే నిర్ణయించెను. విని, తలుపు మూయలేదు, అదియే విశేషము.

అన్నదానము, కంబళిదానము పుణ్యకార్యములే. అవి ఒక పూట ఆకలిని, ఒక రాత్రి చలిని తీర్చును. ఒక గదిని సరసమైన అద్దెకిచ్చుట, ఆశ్రయగృహమువారు పంపినవానికి హామీగా నిలుచుట, కొత్త కాపురమునకు నాలుగు వంటపాత్రలు సమకూర్చుట, ఇవి ఏండ్ల తరబడి నిలుచు దానములు. నిత్యము గృహమున శ్రీరామపట్టాభిషేక పటమును అర్చించు భక్తులు అందు విభీషణుడును నిలిచియున్నాడని మరువరాదు. అతడును ఒకనాడు నిలువ నీడ లేక వచ్చినవాడే గదా!