దాచుట, కాచుట

జాబు వ్రాయునప్పుడు మన పెద్దలు మొట్టమొదట 'ఇచ్చట క్షేమము, అచ్చట మీ యోగక్షేమములు తెలియగోరెదము' అని వ్రాసెడివారు. వాడుకచే అరిగిపోయిన మాట యగుటవలన ఇందలి రెండు పదములకును వేర్వేరు అర్థములు కలవని మనకు తోచదు. గీత తొమ్మిదవ అధ్యాయమునకు భాష్యము వ్రాయుచు శంకర భగవత్పాదులు వీనిని విడదీసి చూపిరి. లేనిది పొందుట యోగము, ఉన్నది రక్షించుకొనుట క్షేమము. మొదటిదానిని గూర్చి, అనగా సంపాదనను గూర్చి, ధర్మశాస్త్రములు ఎంతయో చెప్పినవి. మనమును ఎంతయో చర్చించుచుందుము. రెండవదానిని గూర్చి అంతగా విచారింపము. వస్తువు ఇల్లు చేరినది, ఒక చోట పెట్టితిమి, ఇక అది అక్కడనే యుండునని నిశ్చింతగా నుందుము. ఈ నిశ్చింత ఎంతవరకు న్యాయము? ఈ ప్రశ్న నాకు గ్రంథములు చదువుచుండగా కలుగలేదు. గడచిన వేసవిలో విజయవాడలో ఒక కారు షెడ్డు తలుపు తెరచినప్పుడు కలిగినది.

ఆ యిల్లు పూర్వాశ్రమమున నాకు అక్కగారైన ఆమెది. తల్లిగారు గతించిన పిమ్మట పల్లెలోని యిల్లు అమ్మివేయగా అందలి సామాను ఈ షెడ్డునకు చేరినది. మూడు వైపుల గోడలు, పైన రేకులు, ముందు ఇనుప షట్టరు. కారు మాత్రము పదేండ్లుగా వీధిలో వేపచెట్టు క్రింద నిలుచుచున్నది. లోపల బూరుగుదూది పరుపులు, ఊరగాయ జాడీలు, ఇత్తడి గుండిగలు, ఒక హార్మోనియము, వెనుకటి లక్క గ్రామఫోను రికార్డులు, పట్టుచీరల పెట్టె, గోడల మీదినుండి దించిన పటములు. ఒక మూల రెండు ఇనుప ట్రంకు పెట్టెలు. వానిపై తెల్లరంగుతో వ్రాసియున్న పేరు నాది. అనగా, ఇరువది యేండ్ల క్రిందట నేను విడిచిన పేరు.

విజయవాడ ఎండను గూర్చి తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. మే మాసమున నీడలోనే 44, 45 డిగ్రీలు చేరు దినములు కలవు. రేకు ఎండను పీల్చి ఆ వేడిని క్రిందికి వదలును. షట్టరు మూసియుండుటచే వేడెక్కిన గాలి పోవుటకు దారి లేదు. కావున లోపలి వేడిమి వెలుపలి దానిని మించును. రసాయన శాస్త్రమున స్థూలమైన లెక్క యొకటి కలదు: వేడిమి పది డిగ్రీలు పెరిగినచో అనేక రసాయనక్రియల వేగము ఇంచుమించు రెట్టింపగును. కాగితము పసుపువారుట, జిగురు విడుట, రబ్బరు పెళుసెక్కుట మొదలగునవి యిట్టివే. ఇంతలో తొలకరి వచ్చును. ఎండి బిగిసిన వస్తువు చెమ్మ పీల్చి ఉబ్బును, మరల ఎండును. ఒట్టి ఎండకంటె ఈ రెండింటి నడుమ నలుగుటయే ఎక్కువ కీడు. చెమ్మ తగులకుండ ప్లాస్టికు కప్పి బిగించి కట్టితిమా, లోపలనున్న చెమ్మ బయటికి రాలేదు. ఆమె అట్లే కట్టినది, ఎంతో శ్రద్ధతోనే కట్టినది.

జాడీలకు ఏమియు కాలేదు. గుండిగల చిలుము చింతపండుతో వదలినది. రికార్డులు అప్పడముల వలె వంగినవి. హార్మోనియము తిత్తి పగిలినది. పట్టుచీరలు ఏండ్ల తరబడి ఒకే మడతలో నుండుటచే మడత వెంబడి చీలినవి. వాని నడుమ నుంచిన కలరా ఉండలు ఆవిరియైపోయి వట్టి పొట్లములు మిగిలినవి. తల్లిగారి ఛాయాచిత్రము అద్దమునకు అంటుకొనియుండెను. మెల్లగా విడదీయబోగా ముఖము అద్దముతోనే వచ్చినది.

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అన్నీ దాచాననే అనుకున్నాను స్వామీ, ఎండ తినేసింది" అన్నది.

ఎండ తిన్నదనుట న్యాయమా? మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున చెప్పబడిన పదునెనిమిది వ్యవహారపదములలో నిక్షేపము రెండవది. నమ్మి యుంచిన సొత్తును దొంగలు హరించినను, నీరు కొనిపోయినను, అగ్ని దహించినను, పుచ్చుకొనినవాడు అందులో ఏమియు అపహరింపకున్నచో అతనికి బాధ్యత లేదని అచ్చట విధింపబడినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అదే నగరమున వేలాది యిండ్లు మునిగినప్పుడు పోయిన సామానునకు ఇల్లాండ్రను ఎవరు తప్పుపట్టగలరు? ఎండ అట్టిది కాదు. అది ఏటేట చెప్పి వచ్చు చుట్టము. రోహిణికార్తె ఎప్పుడో పంచాంగమే చెప్పును. రానున్నదని తెలిసియు తలుపు వేసికొని పోయినవారు దైవమును దూరుటకు వీలులేదు.

మరియొక ప్రక్క చూతము. తంజావూరి ఎండ మన యెండకు అంతగా తీసిపోదు. నాయకరాజుల కాలమున మొలకెత్తిన అచ్చటి సరస్వతీ మహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్ర గ్రంథములు కలవు. తాటాకు ఎండకు పెళుసెక్కునదియే, పురుగు తినునదియే. అయినను ఈ దేశమున తాళపత్రములు శతాబ్దములు నిలిచినవన్న, వానిని అప్పుడప్పుడు విప్పి, దుమ్ము తుడిచి, నిమ్మగడ్డి నూనె పూసి, చెక్కపలకల నడుమ బిగించి గుడ్డలో చుట్టినవారు ఉండుటచేతనే. శిథిలమగుచున్న దానిని క్రొత్త ఆకుల మీదికి ఎత్తి వ్రాసినవారు ఉండుటచేతనే. దాచుట ఒకనాటి పని. కాచుట ఏటేటి పని. భాష్యకారులు క్షేమమనినది ఈ రెండవదానినే యని నాకిప్పుడు తోచుచున్నది.

ఇచ్చట ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. పతంజలి చెప్పిన యమములలో ఐదవదగు అపరిగ్రహమును నేను చాలకాలము 'ఇతరులనుండి పుచ్చుకొనకుండుట' యనియే తెనిగించుచుంటిని. తప్పు కాదు, కాని చాలదు. వ్యాసభాష్యము ఆ సూత్రము క్రింద ఆర్జనముతోపాటు రక్షణమునందును, క్షయమునందును, సంగమునందును దోషము చూపి, తుదకు హింసను పేర్కొన్నది. మొదటి నాలుగును నాకు సుబోధములే. ఇంటి సామానులో హింస యెక్కడిదని మాత్రము ఎప్పుడును సంశయము. ఆ ట్రంకు పెట్టెలను చూచిన తరువాత ఆ సంశయము లేదు.

గృహస్థులు సామానును గూర్చి అడిగినప్పుడు 'విడిచిపెట్టుడు' అని చెప్పుట సన్న్యాసులకు సులభము. 'మీకేమి స్వామీ, మీకు ఇల్లా వాకిలా?' అని వారు నవ్వి ఊరకుందురు. వారి నవ్వులో న్యాయము కలదు. తల్లి చేతి గుండిగను పాతసామాను వానికి తూచి యీయలేకపోవుట అజ్ఞానమని నేననను. నా సంగతి వేరు. నేను ఇల్లు విడుచునాడు విశ్వవిద్యాలయపు పుస్తకములను, వ్రాతప్రతులను పెట్టెలలో సర్ది, 'వీనితో నాకిక పనిలేదు, నీ యిష్టము' అని ఆమెతో చెప్పి వచ్చితిని. అది త్యాగమనుకొంటిని. ఆమెకు అవి తమ్ముని వస్తువులు. ఆమె ఎట్లు పారవేయగలదు? విడిచితిననుకొన్నది నేను, మోసినది ఆమె. ఇరువది వేసవులు మోసినది. ఒక పెట్టె అడుగు తుప్పుపట్టి, నేలనుండి చెదలు లోని కెక్కి, పుస్తకములను మట్టిముద్ద చేసినవి. క్రింద నాలుగు ఇటుకలు పెట్టించి రావలెనన్న తలంపైనను నాకు లేకపోయినది.

ఈయవలసినది ఈయుటకు కూడ కాలము కలదు. ఆ చీరలు పదేండ్ల క్రిందట మేనకోడలి పెండ్లికి పనికివచ్చియుండును; హార్మోనియము ఏ బడిపిల్లలో వాయించియుందురు. అక్కరకు రాని స్థితికి వచ్చిన తరువాత 'ఎవరికైన ఇచ్చివేయుదము' అనుకొనుట కఠోపనిషత్తులో నచికేతుని తండ్రి ఒట్టిపోయిన ఆవులను దానము చేసినట్లే. ఆయన ఆవులు దొడ్డిలో ముసలివైనవి, మనవి షెడ్డులో.

మూడు దినములు తెల్లవారుజామున, రేకు కాగకముందే, అందరము కలిసి ఆ సామాను తీసితిమి. ఇది పనికివచ్చునా యని ఆమె అడుగలేదు. ఒక్కొక్క వస్తువును చేతికి తీసికొని, "దీన్ని వచ్చే ఏడు ఎవరు విప్పుతారు?" అని అడిగినది. జాడీలు, గుండిగలు వంటింటిలోనికి, చుట్టముల యిండ్లకు పోయినవి. ఒక చీర అంచు కత్తిరించి పూజామందిరమునకు తెర కుట్టించుకొన్నది. ముఖము పోయిన పటమును మాత్రము ఎవరును ఏమియు చేయలేకపోయిరి. అది ఇంటి లోపల బీరువాలో నున్నది.

రెండవ పెట్టెలోని పుస్తకములు చాలవరకు బాగుగనే యున్నవి. ఒకటి తప్ప అన్నియు గ్రంథాలయమున కిచ్చితిమి. ఆ యొక్కటి వ్యాసభాష్యము, నా విద్యార్థిదశనాటి సిరా గుర్తులతో నున్నది. ఇప్పుడు నా బల్లమీద నున్నది. తెచ్చి నాలుగు మాసములైనది, ఇంకను తెరువలేదు.