ఆక్స్‌ఫర్డ్ చేరి తీరాలని ఏముంది తల్లీ

అమ్మడూ, వేసవి సెలవుల్లో రెడింగ్ నుంచి పడవేసుకుని థేమ్స్ మీద లెచ్‌లేడ్ దాకా వెళ్లి, వారంలో తిరిగొచ్చేస్తామని మీ ఆయన లెక్కలు వేస్తున్నాడట. ఆ లెక్కలు పక్కన పెట్టమను. ఆ నది మీద గంటకు 8 కిలోమీటర్లు మించి పోనివ్వరు. పైగా దారి పొడుగునా లాకులు. ధవళేశ్వరంలో నీకు చూపించానే, అలాంటివే. ఒక్కోచోట అరగంట పట్టినా పట్టొచ్చు. రోజుకు నాలుగైదు గంటలు నడిపితే చాలు. దారిలోని ఆక్స్‌ఫర్డ్ చేరకపోతే కొంపలేం మునగవు.

చేరితే మాత్రం ఇంకాస్త పైకి వెళ్లండి. అక్కడి ఆస్నీ వంతెన కింద నీటి మీద 7 అడుగుల 6 అంగుళాల జాగానే ఉంటుంది. పెద్ద పడవలు దూరలేవు కాబట్టే ఆ పైన నది అంత నిమ్మళంగా ఉంటుంది. మీ పడవ ఎత్తెంతో అద్దెకు తీసుకునేటప్పుడే అడగండి. పైన తలుపులు చేత్తో తోసే లాకులున్నాయి, పిల్లాడికి సరదా. రాడ్‌కాట్ దగ్గర సుమారు 800 ఏళ్ల నాటి రాతి వంతెన చూడండి. కెల్మ్‌స్కాట్‌లో రచయిత విలియం మోరిస్ 1871లో అద్దెకు తీసుకున్న ఇల్లు ఒడ్డుకు దగ్గరే.

లాకు సంగతి జాగ్రత్తగా విను. లోపలికి వెళ్లగానే ఇంజన్ ఆపాలి. ముందొక తాడు, వెనకొక తాడు గట్టు మీది గుంజకు చుట్టి, కొస చేతిలో పట్టుకోవాలి. ముడి వెయ్యొద్దు. తిరుగు ప్రయాణంలో నీళ్లు దిగుతుంటే ముడేసిన పడవ తాడుకు వేలాడి ఒరిగిపోతుంది. వెనక తలుపు కింద రాతి గట్టొకటి నీళ్లలో దాగి ఉంటుంది. పడవ తోక దాని మీద కూర్చుందంటే ప్రమాదం, ముందుకు జరిపి ఉంచండి. చేతికి తాడు చుట్టుకోవద్దని మీ ఆయనకు రెండుసార్లు చెప్పు.

పిల్లాడికి లైఫ్ జాకెట్ ఒడ్డు మీదే తొడుగు, ఏడ్చినా సరే. ఈత వచ్చు కదా అనుకోకు, ఎండాకాలంలోనూ ఆ నీళ్లు చల్లనే.

వానలు పడి లాకు దగ్గర ఎర్ర బోర్డు పెట్టారంటే వరద ఉధృతి ఎక్కువగా ఉందని అర్థం. పడవ కట్టేసి, పులిహోర కలుపుకుని, పిల్లాడికి హంసల్ని చూపిస్తూ కూర్చోండి. సెలవు దండగైందని మీ ఆయన సణిగితే నాకు ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతాను.

మీ మావయ్య