కంట్రోలు బియ్యం, గౌరమ్మ సద్దులు

"అక్కా, కంట్రోలు బియ్యంతోని సద్దులు కలిపితే గౌరమ్మకు నడుస్తదా? మనం పైసలు పెట్టి కొన్నయి కావు గదా!"

బోధన్‌లో మా గల్లీలో బీడీలు చుట్టే ఒకామె బతుకమ్మ రోజుల్లో నన్నడిగిన మాట ఇది. బళ్లో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి శాస్త్రం నాకు తెలిసే ఉంటుందని ఆమె నమ్మకం. "నడుస్తది, కలుపు" అన్నాను అప్పటికి. కానీ అది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. దేవుడికి పెట్టేది న్యాయంగా సంపాదించినదై ఉండాలని పెద్దలు చెబుతూ వచ్చారు. మరి ఊరికే చేతికొచ్చినదాని సంగతేమిటి? నా కష్టం లేనిదాన్ని నాది అని ఎట్లా సమర్పించను? తాతల నాటి పొలంలో కౌలుదారు పండించిన గింజలతో పరమాన్నం వండేవాళ్లెవరూ ఈ సందేహంతో నా గడప తొక్కలేదు. బీడీల చాట ముందు పొద్దంతా నడుము వంచి కూర్చునే మనిషికే తట్టింది. ఆ ప్రశ్నలోనే ఆమె భక్తి ఎంత నిక్కమైనదో తెలుస్తుంది.

ఇంతకు ముందు ఈ సందేహం రాకపోవడానికి కారణం ఉంది. రేషన్ కార్డు మీద దొడ్డు బియ్యం వచ్చేవి. సద్దులకు పొడిపొడిగా ఉండవని పండుగ పూట వేరే కొనేవాళ్లు. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. గౌరమ్మ ముందు పెట్టదగ్గ బియ్యం ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి, పెట్టవచ్చునా అన్న ప్రశ్న ఇప్పుడు లేచింది.

ఈ బియ్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. నిజాంసాగర్ కాలువల కింద, శ్రీరాంసాగర్ కింద, ఇంకా ఇట్లాంటి ఆయకట్టుల్లో పండిన వడ్లు కొనుగోలు కేంద్రాలకు పోతాయి. అక్కడి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి గోదాముకు, గోదాము నుంచి డీలరు దుకాణానికి వస్తాయి. మా గల్లీ ఆమె నాట్ల కాలంలో చాట పక్కన పెట్టి వర్ని, కోటగిరి దిక్కు కూలికి పోతుంది. మోకాళ్ల లోతు బురదలో ఆమె పెట్టిన నాటే గింజలై ఆమె సంచిలోకి తిరిగి రాలేదని ఎవరు చెప్పగలరు? పైసలు పెట్టకపోవడం వేరు, కష్టం పెట్టకపోవడం వేరు.

ఒకవేళ అది నిజంగా దానంగా వచ్చిందే అనుకుందాం. మా బోధన్‌ను ఏకచక్రపురమని చెప్పుకుంటాం. భారతంలో లక్క ఇంటి నుంచి తప్పించుకున్న పాండవులు బ్రాహ్మణ వేషాలతో తలదాచుకున్న ఊరది. అక్కడ వాళ్లు భిక్షమెత్తి బతికారు. కొడుకులు తెచ్చిన భిక్షను కుంతి రెండు పాళ్లు చేసి, ఒకటి భీముడికి, రెండోది తనకూ మిగిలిన నలుగురికీ పెట్టేది. సరిసమానంగా పంచలేదు, ఎవరి ఆకలి ఎంతో ఎరిగి పంచింది. అన్నం ఎట్లా వచ్చిందన్నది ఆమె చేతిలో లేదు. ఎట్లా పంచాలన్నది ఆమె చేతిలో ఉంది. ఆ ఇంటి ధర్మమంతా ఆ గరిటెలోనే ఉందని నాకనిపిస్తుంది.

అదే ఊళ్లో ఇంకో వంట కూడా జరిగేది. బకాసురుడికి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, బండి తోలుకొచ్చిన మనిషి. ఇంటింటికీ వంతు. పాండవులకు చోటిచ్చిన ఇంటి వంతు వచ్చినప్పుడు, మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక పట్టుకుని రాక్షసుణ్ణి చంపుతానంటాడు. ఆ ఘట్టం చెబుతుంటే పిల్లలు నవ్వేవారు, నాకు గొంతు పూడుకుపోయేది. పెట్టడమే గొప్ప అయితే బకాసురుడికి పెట్టింది తక్కువా? కానీ అందులోంచి ఒక్క మెతుకు తిరిగి రాదు. గౌరమ్మ ముందు పెట్టింది మొత్తం తిరిగొస్తుంది. చెరువు కట్ట మీద చేతులు మారి, ఎవరి సద్ది ఎవరి ఆకులో పడిందో తెలియకుండా పోతుంది. నైవేద్యానికీ దండుగకూ తేడా నేను ఇక్కడే చూస్తాను. గిరిగిరి ఫైనాన్సులో అప్పు తెచ్చి, పది పిండివంటలు చేసి, దీపావళి దాకా వారం వారం కిస్తీ కడుతూ పిల్లల పాలు తగ్గించే ఇంట్లో, పండుగ పేరుతో బండి కట్టింది బకాసురుడికే.

గౌరమ్మ అట్లా అడగలేదు. ఆమె తొమ్మిది రోజులు చూడండి. ఎంగిలిపూల నాడు నువ్వులు, నూకలు. ఆ తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఒక్కో రోజుకు ఒక్కటి. ఏడో నాడు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి వేయించడం, ఎనిమిదో నాడు నువ్వులు, వెన్న, బెల్లం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆనాడు నైవేద్యమే లేదు. ఏమీ పెట్టని రోజు కూడా పండుగలో ఒక రోజుగా లెక్కకు రావడం నాకు ఎన్నేళ్లకూ పాతబడని విషయం. పొయ్యి మీద ఏమీ లేని ఇల్లాలు ఆ రోజు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర లేదు. అమ్మవారే అలిగింది. పేదింటి కోసం దేవత తన కోరికను తగ్గించుకుందని కొందరంటారు. కాదు, ఆమె కొలత మొదటి నుంచీ పేదింటి కొలతే అని నా నమ్మకం. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన ఊరు మాది. ఊరంతా చక్కెర మీద బతికిన కాలంలో కూడా మా అమ్మ గౌరమ్మకు బెల్లమే పెట్టేది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ ఆగింది. ఆ నైవేద్యాల్లో ఒక్కటీ తగ్గలేదు.

తొమ్మిదో నాటి సద్దులే తీసుకోండి. వండేది ఒక్క గంజు అన్నం. వెడల్పాటి తాంబాళంలో ఆరబోసి, మెతుకు విరగకుండా చేతివేళ్లతో విడదీసి, ఐదు కుప్పలు చేస్తాం. ఒకదానికి చింతపండు పులుసు, ఒకదానికి నిమ్మకాయ, ఒకదానికి కొబ్బరి, ఒకదానికి వేయించి దంచిన నువ్వులు, ఒకదానికి పెరుగు. పల్లీలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేసిన పోపు గిన్నె ఒక్కటే. దాన్నే అన్నింటికీ పంచుతాం. పక్కన మలీద ఉంటుంది. రొట్టెను వేడి మీదే నలిపి, బెల్లం తురుము, రెండు చుక్కల నెయ్యి వేసి పిడికిట్లో ముద్ద కడతాం. పీర్ల పండుగకు పీరు ముందు పెట్టేదీ ఆ మలీదే. రెండు మతాల మొక్కులూ ఒకే రొట్టె ముక్కల దగ్గర కలిశాయంటే, దేవుడి ఆకలి గురించి మా ప్రాంతం మనుషులు ఏదో గట్టి సంగతే గ్రహించారు.

అట్లని పేదింటి ఆడమనిషికి పొదుపు బోధించడం నాకు నచ్చదు. దేవుడికి ఆకు చాలు, నీళ్లు చాలు అని నిండు వంటింట్లో కూర్చుని చెప్పడం సులువు. సంక్రాంతికి కూతురి అత్తగారింటికి డబ్బా నిండా సకినాలు పంపాలని మా గల్లీ ఆమె ఆరాటం. దాన్ని ఆడంబరం అననే అనను. బిడ్డ ఆ ఇంట్లో తలెత్తుకోవాలని తల్లి పడే తపన కూడా మొక్కే. ఖర్చంతా నూనెది. సన్నబియ్యం నానబోసి పట్టించిన పిండి, నువ్వులు, వాము ఆమె దగ్గరే ఉంటాయి. మూకుడు పెట్టిన రోజు నాలుగు ఇళ్ల వాయిలూ ఒకే నూనెలో దేవుకోవడం మా అమ్మల కాలం నుంచీ ఉన్నదే. మధ్యలో ఎందుకో ఎవరి పొయ్యి వాళ్లదైంది. ఈ సంక్రాంతికి మా ఇంట్లోనే మూకుడు పెడదాం, నూనె నాది అన్నాను. పిండి తెస్తానంది. తెల్లబట్ట పరిచి సకినాలు చుట్టడానికి గల్లీలో చేతులకు కొదవ లేదు.